నెత్తుటిలోని యాయుధశాల

కత్తిపీటమీద కూరగాయలు తరుగునప్పుడు ఒక్కసారియైనను వ్రేలు తెగని గృహిణి యుండదు. తెగిన వ్రేలికి ఇంత పసుపద్ది, గుడ్డపేలిక చుట్టి, మరల పనిలో బడుదుము. మఱునాటికి గాయముచుట్టును ఎఱ్ఱబడి, వెచ్చనై, కొంచెము వాచి, సలుపు పెట్టును. ఒక్కొక్కప్పుడు చీము గూడ చేరును. నాలుగైదు దినములలో అదియు నారిపోవును. “ఏదో, తగ్గిపోయినది” అని మనము మఱచిపోవుదుము. కాని యా నాలుగు దినములలో ఆ వ్రేలికొనయందు ఎంత పోరాటము జరిగినదో, మనకొఱకు ఎవరు పోరాడి ప్రాణములు విడిచిరో తెలిసికొన్నచో ఆశ్చర్యము కలుగక మానదు. ఆ కథను ఈ నెల మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి. ఇది వినోదమునకు మాత్రమే చెప్పునది కాదు. పసిబిడ్డలను పెంచు తల్లులు తప్పక యెఱుగవలసిన సంగతులు ఇందు గలవు.

కావలివారు

మన రక్తము ఎఱ్ఱగా నుండుటకు అందలి యెఱ్ఱకణములు కారణము. ఇంచుమించు గుండుసూది తలయంత చుక్కలో, అనగా ఒక ఘన మిల్లీమీటరు రక్తములో, ఇవి 40, 50 లక్షలుండును. వీనితోపాటు రంగులేని కణములు గూడ కొన్ని గలవు. వీనినే శ్వేతకణము లందురు. ఆరోగ్యముగల మనుష్యుని రక్తమున ఇవి ఆ చుక్కలోనే 4 వేలనుండి 11 వేలవఱకు మాత్రముండును. సంఖ్యలో తక్కువయైనను దేహమునకు కావలివారు ఇవియే. వీనిలో పెక్కు తెగలున్నవి. సగమునకు మించి యుండునవి ‘న్యూట్రోఫిలులు’ అను తెగవి. మన కథలో ముఖ్యపాత్రలివియే.

న్యూట్రోఫిలులు ఎముకల మూలుగలో పుట్టును. దినమునకు సుమారు 10 వేల కోట్ల చొప్పున పుట్టుచుండునని లెక్కగట్టిరి. రక్తములోనికి వచ్చిన పిమ్మట వీని యాయువు సాధారణముగా ఒక దినమైనను నిండదు. అంత స్వల్పజీవితములో వీని పనియంతయు పహరా తిరుగుటయే.

వ్రేలు తెగినతోడనే చర్మముమీదనున్న సూక్ష్మజీవులు గాయములోనికి చొరబడును. అక్కడి కణములు ఆపద నెఱిగి కొన్ని రసాయన సంకేతములను వెలువరించును. దానితో దగ్గఱి సన్ననాళములు వెడల్పగును. రక్త మెక్కువగా వచ్చి చేరుటచే చోటు ఎఱ్ఱబడి వెచ్చనగును. నాళములనుండి నీరూరుటచే వాపు కలుగును. న్యూట్రోఫిలులు ఆ సంకేతములజాడ బట్టి నాళపుగోడల సందులలో దూరి, గంటలలో గాయము చేరును. వాపు, సలుపు అన్నవి రోగమే యని మనము విసుగుకొందుము గాని, అవి సహాయసైన్యము దిగినదని తెలుపు గుఱుతులు.

గులాబిముల్లు చెప్పిన రహస్యము

శ్వేతకణములు సూక్ష్మజీవులను మ్రింగునను సంగతిని లోకమునకు ఎఱుకపఱచినవాడు ఇల్యా మెచ్నికాఫ్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు. 1882వ సంవత్సరమున ఆయన ఇటలీదేశమునకు చెందిన సిసిలీ ద్వీపమున మెస్సీనా పట్టణములో కుటుంబముతో నివసించుచుండెను. ఒకనాడు ఇంటివారందఱు సర్కస్ చూడబోగా, ఆయన ఒంటరిగా కూర్చుండి నక్షత్రచేప పిల్లలను సూక్ష్మదర్శినిలో పరిశీలించుచుండెను. ఆ పిల్లలు గాజువలె పారదర్శకములు. వాని లోపల కొన్ని కణములు అటునిటు సంచరించుట ఆయనకు కనబడెను. ఈ కణములే పరాయివస్తువులనుండి దేహమును కాపాడుచున్నవేమో యను ఊహ తట్టెను. వెంటనే తోటలోని గులాబిముండ్లను గిల్లి తెచ్చి ఆ చిన్నప్రాణులకు గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి చూచునప్పటికి సంచారకణములన్నియు ముల్లును చుట్టుముట్టి యుండెను. మన వ్రేలిలో ముల్లు విఱిగినప్పుడు జరుగునదియు నిదియే.

ఈ విషయమును చాలమంది పండితు లప్పు డంగీకరింపలేదు. రోగమును హరించు శక్తి కణములలో లేదు, రక్తపు తేటయందే యున్నదని వారి వాదము. ఈ రెండవ మార్గమున గొప్ప కృషి చేసినవాడు పాల్ ఎర్లిక్. తుదకు 1908వ సంవత్సరపు నోబెల్ బహుమానము మెచ్నికాఫ్, ఎర్లిక్ ఇరువురకును కలిపి యియ్యబడెను. వాదములు రెండును నిజములే యని నేడు మన మెఱుగుదుము.

మ్రింగిన పిమ్మట నేమగును?

మ్రింగుట యొక యెత్తు, చంపుట యొక యెత్తు. సూక్ష్మజీవి మ్రింగబడినంతమాత్రమున చావదు. క్షయక్రిమివంటివి కొన్ని మ్రింగిన కణములోనే కాపురము పెట్టగలవు. మఱి శ్వేతకణము శత్రువు నేయాయుధముతో చంపును?

న్యూట్రోఫిలును సూక్ష్మదర్శినిలో చూచినచో దానినిండ ఇసుకరేణువులవంటి చుక్కలు కనబడును. ఇవి సన్నని పొరతో కట్టిన సంచులు. సూక్ష్మజీవిని మ్రింగినప్పుడు కణములో దానిచుట్టు నొక గది యేర్పడును. అంతట సంచులు వచ్చి ఆ గదికి ఆనుకొని, తమలోని సరకును దానిలో గ్రుమ్మరించును. ఆ సరకే ఆయుధములు. అందు హెచ్చుభాగము మాంసకృత్తులు. పప్పులోను, పాలలోను, గ్రుడ్డులోను మనము దేహపుష్టికై తిను మాంసకృత్తుల జాతికి చెందినవే యివియు. పని మాత్రము వేఱు.

1956లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున జేమ్స్ హిర్ష్ అను వైద్యశాస్త్రజ్ఞుడు కుందేటి శ్వేతకణములనుండి సారము తీసి, అది సూక్ష్మజీవులను చంపగలదని చూపెను. నాటినుండి ఒక్కొక్క యాయుధమునే విడదీసి పరీక్షించుట సాగినది. వానిలో ముఖ్యమైనవానిని మాత్ర మిచ్చట పేర్కొందుము.

మొదటిది లైసోజైము. దీనిని కనుగొన్నవాడు, పిమ్మట 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగే. జలుబు చేసిన తన ముక్కుచీమిడిలో సూక్ష్మజీవులను కరగించు పదార్థ మొకటి యున్నదని ఆయన గ్రహించి 1922లో ప్రకటించెను. పిమ్మట కన్నీటిలోను, గ్రుడ్డు తెల్లసొనలోను గూడ అది యున్నదని తేలినది. పరీక్షకు కన్నీరు కావలసివచ్చి తనకును, తోడివారికిని కన్నులలో నిమ్మరసము పిండుచుండెనట! మన వంటయిండ్లలో నైనచో ఉల్లిపాయలే ఆ పని చేసియుండును. లైసోజైము సూక్ష్మజీవుల పైగోడను త్రెంచివేయును.

రెండవది లాక్టోఫెరిన్. ఇనుము లేక సూక్ష్మజీవులు పెంపొందజాలవు. లాక్టోఫెరిన్ ఆ యినుమును తాను పట్టి యుంచుకొని వానిని పస్తుపెట్టును.

మూడవది ఆకుపచ్చరంగు గల మైలోపెరాక్సిడేసు. చీము ఒక్కొక్కప్పుడు పచ్చగా నుండుటకు కొంత కారణ మిదియే. శ్వేతకణములో ఇది ఉప్పులోని క్లోరినును గ్రహించి, మనము నూతులలో చల్లు బ్లీచింగుపొడివంటి ఘాటైన మందును తయారుచేయును.

నాలుగవ దానిని 1978లో న్యూయార్కున శుద్ధిచేసి వేఱుపఱచిరి. దానిని ముక్తసరిగా ‘బి.పి.ఐ.’ అందురు. సన్నిపాతజ్వర క్రిముల వంటి కొన్ని జాతుల పైపొరలో ఒక క్రొవ్వువిషము కలదు. అది రక్తమున కలిసినచో తీవ్రజ్వరము వచ్చును. హెచ్చైనచో నాడి పడిపోయి ప్రాణాపాయము కలుగును. బి.పి.ఐ. ఆ విషమునకే అంటుకొని, క్రిమిని చంపుటయేగాక విషమును గూడ అణచివేయును.

ఐదవది, అన్నిటికంటె చిన్నది, డిఫెన్సిన్.

ముప్పది పూసల దండ

1985లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మైకేల్ సెల్‌స్టెడ్, టోమాస్ గాంజ్, రాబర్ట్ లెహ్రర్ మొదలగువారు మనుష్యుల న్యూట్రోఫిలులలో ఈ పదార్థములను గుర్తించి, రక్షణ చేయునవి గావున ‘డిఫెన్సినులు’ అని పేరు పెట్టిరి. మాంసకృత్తు లన్నియు అమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండలవంటివి. రక్తమునకు ఎఱ్ఱదన మిచ్చు హీమోగ్లోబినులో ఇట్టి పూసలు 574 గలవు. న్యూట్రోఫిలులలోని డిఫెన్సినులలో ముప్పదియో, అంతకు ఒకటి రెండెక్కువ తక్కువగానో మాత్రమే యుండును. ఇంత చిన్నదండ విడిపోకుండ గంధకపు ముడులు మూడు దానిని బిగించి యుంచును. చిన్నవైనను ఇవి సంఖ్యలో మెండు. న్యూట్రోఫిలు సంచులలో ఒక జాతియందలి మాంసకృత్తులలో ఇంచుమించు మూడవవంతునుండి సగమువఱకు ఇవియే.

ఇవి శత్రువునెట్లు గుర్తించును? ఎండిన జుట్టును దువ్వెనతో దువ్వి, ఆ దువ్వెనను చిన్న కాగితపుముక్కలదగ్గఱకు తెచ్చినచో అవి యెగిరి అంటుకొనుట మన పిల్లలాడు ఆటయే గదా. అది విద్యుదాకర్షణము. డిఫెన్సినులలో ధనవిద్యుత్తు కలదు. సూక్ష్మజీవుల పైపొరలందు ఋణవిద్యుత్తు కలదు. రెండును ఒకదాని నొకటి ఆకర్షించుకొనును. మన దేహకణముల వెలుపలిపొర అట్లుగాక ఇంచుమించు తటస్థముగా నుండును. పైగా దానిలో కొలెస్టరాలు చేరి గట్టిపఱచును. కావున డిఫెన్సిన్ మనవారిని చాలవఱకు విడిచి, పరాయివారినే పట్టుకొనును.

పట్టుకొన్న పిమ్మట అనేక డిఫెన్సినులు గుమిగూడి సూక్ష్మజీవి పొరను చిల్లులు పొడుచును. చిల్లులుపడిన కుండలో నీరు నిలువనట్లు దాని లోపలి సారము బయటికి కారిపోవును. అంతేగాక, క్రిమి తన గోడను కట్టుకొనుటకు తెచ్చుకొను ఇటుకలవంటి సామగ్రికి అంటుకొని గోడపని సాగనీయకుండ ఆపునని గూడ పిమ్మటి పరిశోధనలవలన తెలిసినది.

విషమును విప్పివైచు విద్య

ఇంతవఱకు చెప్పినది క్రిమిని చంపుట. కాని కొన్ని రోగములలో క్రిమికంటె అది చిమ్ము విషమే ప్రాణాంతకము. కంఠసర్పిని చూడుడు. ఈ రోగక్రిమి గొంతులోనే యుండును, దేహమంతట సంచరింపదు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి యాడకుండ చేయును. దాని విషమో, రక్తమున బడి గుండెను, నరములను చెఱచును. 1888లో పారిస్ నగరపు పాశ్చరు సంస్థయందు ఎమీల్ రూ, అలెగ్జాండర్ యెర్సీన్ అనువారు ఈ క్రిములు పెరిగిన రసమును సన్నని వడపోతలో వడకట్టి, క్రిమి యొక్కటియు లేని ఆ రసమే జంతువులను చంపుచున్నదని నిరూపించిరి. ఈ విషపు అణు వొక్కటి కణములో ప్రవేశించినను ఆ కణమును చంపుటకు చాలును. కణమందు మాంసకృత్తులు తయారగు పనిని అది నిలిపివేయును.

2005లో బెర్లిను నగరమున మాక్స్ ప్లాంక్ సంస్థలోని శాస్త్రజ్ఞులు, డిఫెన్సినులు దొమ్మరోగపు క్రిమి చేయు విషమును నిర్వీర్యము చేయునని, ఎలుకలను దాని చేతినుండి కాపాడునని కనుగొనిరి. మఱుసటి యేడు కంఠసర్పి విషమును గూడ అవి అణచునని తేలినది. పిమ్మట మఱికొన్ని విషములనుగూర్చియు నట్లే తెలియవచ్చినది. ఇచ్చట నొక చిక్కుప్రశ్న పుట్టినది. ఈ విషములు రూపమున ఒకదానికొకటి పోలికలేనివి. ఒక్క చిన్నదండ ఇన్నిటి నెట్లు లొంగదీయగలదు?

దీనికి సమాధానము 2014లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము మొదలగుచోట్ల పనిచేయువారివలన లభించినది. దానిని మనము జడ పోలికతో తెలిసికొనవచ్చును. మన దేహములోని మాంసకృత్తులు గట్టిగా అల్లి, కొన ముడివేసిన జడలవంటివి. ఇట్టి విషములో పెక్కింటి సంగతి వేఱు. అవి కణపు పొరలోని ఇఱుకుదారిగుండ లోనికి దూరవలెను. దూరుటకు జడ విప్పుకొని సన్నపు పాయగా మారవలెను. లోపలికి పోయిన పిమ్మట మరల అల్లుకొనవలెను. కావున అవి పుట్టుకచేతనే వదులుగా అల్లిన జడలు. ఆ వదులుతనమే వాని బలము. డిఫెన్సిన్ ఆ బలమునే బలహీనతగా మార్చును. గడప దాటకముందే, వాకిటనే, వదులుగానున్న చోటున దూరి జడను విప్పివైచును. వేళగానివేళ విడిపోయిన విషము చిక్కుపడి ముద్దకట్టును; కాచిన గ్రుడ్డుసొన మరల ద్రవము కానట్లు అదియు మరల పనికిరాదు. అట్టిదానిని మాంసకృత్తులను కత్తిరించు ఇతర రసములు సులభముగా ముక్కలు చేయును. గట్టిగా అల్లిన మన సొంత మాంసకృత్తులకు దీనివలన అంతగా భయము లేదు.

ఇంత యుండియు రోగ మేల?

“ఇన్ని యాయుధములుండగా బిడ్డలు కంఠసర్పితో ఏల మరణించిరి?” అని చదువరులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. డిఫెన్సిన్ చిక్కగా నున్నచోటనే, అనగా శ్వేతకణములోపలను, అది పోరాడు తావునను, బాగుగా పనిచేయును. రక్తపు తేటలో కలిసినచో దాని వాడి తగ్గును. కాబట్టి రక్తముతోపాటు ప్రవహించి గుండెను చేరిన విషమును అది వెంటాడి పట్టజాలదు. శత్రువులును ఊరకుండలేదు. సెగగడ్డలు పుట్టించు క్రిమి తన పైపొరమీద ధనవిద్యుత్తు గల పదార్థమును పూసికొని, డిఫెన్సిన్ తన్ను ఆకర్షింపకుండ చేసికొనును.

కావుననే మనుష్యుడు దేహమునకు తోడుగా తానొక రక్షణ కల్పించుకొనవలసి వచ్చినది. 1890లో బెర్లినులో బెహ్రింగ్, కిటసాటో అనువారు ప్రతివిషమును కనుగొనిరి. 1920వ దశకమున ఫ్రాన్సుదేశపు గాస్తోన్ రామోన్ ఆ విషమునకే కోఱలు తీసి టీకాగా చేయు పద్ధతిని కనుగొనెను. మన దేశమున నేడు ప్రభుత్వమువారు బిడ్డకు 6, 10, 14 వారముల వయస్సున కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు చేరిన టీకా నుచితముగా వేయుచున్నారు. 16 మొదలు 24 నెలల నడుమ నొకటి, 5, 6 ఏండ్ల ప్రాయమున నొకటి బలపఱచు టీకాలు వేయుదురు. 10వ యేటను, 16వ యేటను కంఠసర్పి, ధనుర్వాతముల టీకా మరల గలదు. మొదటి మూడు వేయించి తక్కినవాని నుపేక్షించు తల్లిదండ్రులు పెక్కురు. ఈ 21వ శతాబ్దమునను హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రికి కంఠసర్పితో పిల్లలు వచ్చుట మానలేదు. సమయమునకు వేయింపని టీకాకు బిడ్డ మూల్యము చెల్లింపవలసి వచ్చును.

తల్లిపాలలోని ఆయుధములు

పైన లాక్టోఫెరిన్, లైసోజైము అను రెండు పేర్లు చెప్పితిమి. ఇవి శ్వేతకణములలోనే గాదు, తల్లిపాలలోను గలవు. ముఖ్యముగా కాన్పైన తొలిదినములలో వచ్చు చిక్కని పసుపుపచ్చని ముఱ్ఱుపాలలో లాక్టోఫెరిన్ మెండు. సజీవములైన శ్వేతకణములును, రోగనిరోధక పదార్థములును గూడ అందు సమృద్ధిగా నుండును. అప్పుడే పుట్టిన బిడ్డ శ్వేతకణములు ఇంకను పోరాటమున ఆఱితేఱినవి కావు. ఆ లోటును పూరించుటకే తల్లి తన యాయుధములను పాలలో కలిపి బిడ్డకిచ్చుచున్నది.

అట్టి ముఱ్ఱుపాలను “చెడ్డపాలు” అని పిండి పాఱబోసి, బిడ్డకు తేనెయో, పంచదారనీళ్లో, ఆముదమో నాకించు ఆచారము మన యిండ్లలో పెద్దకాలము సాగినది. కొన్నిచోట్ల నిప్పటికిని గలదు. పెద్దలు దురుద్దేశముతో చేసినది కాదు, తెలియక చేసినది. వారి నెదిరించి మాటలాడుటకు బాలింతకు ధైర్యము చాలదు. కావున అత్తగారలకును, అమ్మమ్మలకును మా మనవి: పుట్టిన గంటలోపల బిడ్డను తల్లిరొమ్మునకు చేర్పుడు. ఆఱునెలలు నిండువఱకు తల్లిపాలు దక్క మఱేమియు, నీరు గూడ, అక్కఱలేదని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు.

గృహిణికి నాలుగు మాటలు

గాయమును మొదట పాఱునీటితోను, సబ్బుతోను కడుగుడు. చీముగడ్డను గోళ్లతో పిసుకకుడు. లోపల కట్టిన కట్టడి తెగి క్రిములు ప్రక్కలకు ప్రాకవచ్చును. చీమన్నది రోతపుట్టించు పదార్థమే; కాని అందు అధికభాగము మనకొఱకు మడిసిన న్యూట్రోఫిలులే.

మధుమేహము గలవారి రక్తమున చక్కెర హెచ్చినప్పుడు న్యూట్రోఫిలులు మందగించును. ఇంట నట్టి పెద్దలున్నచో ప్రతిదినము వారి పాదములు చూచుచుండుడు. చిన్న పుండైనను వైద్యునికి చూపుడు. పుట్టకురుపునకు బలమైన చికిత్స పొందువారిలో న్యూట్రోఫిలుల సంఖ్య మిక్కిలి తగ్గిపోవచ్చును. అప్పుడు వచ్చిన జ్వరము మామూలు జ్వరము కాదు. ఒక్కపూటయు నాలసింపక వైద్యశాలకు తీసికొనిపోవలెను.

క్రిమినాశకౌషధములను వైద్యుడు చెప్పనిదే జలుబునకును, పడిశమునకును వాడకుడు. ఊరక వాడినకొలది క్రిములు ఆ మందులకు లొంగకుండ నేర్చుకొనుచున్నవి. అందుచేతనే శాస్త్రజ్ఞులు డిఫెన్సినులవంటి చిన్న మాంసకృత్తుల నమూనాపై క్రొత్తమందులు చేయ యత్నించుచున్నారు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున గూడ ఇట్టి వానిమీద చిరకాలము పని జరిగినది.

ఈసారి వ్రేలు తెగి సలుపు పెట్టినప్పుడు విసుగుకొనకుడు. ఒక దినమైనను నిండని యాయువుతో పుట్టి, మన గాయపు గడపకడ ప్రాణములు విడుచు ఆ కావలివారిని ఒక్కమాఱు తలచుకొనుడు. వారి పని వారు తప్పక చేయుదురు. టీకా తేదీ జ్ఞాపకముంచుకొనుట, ముఱ్ఱుపాలు పాఱబోయకుండుట, గాయమును కడుగుట మన పని. దానిని వారు చేయజాలరు.